ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్

ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ (ఏప్రిల్ 13, 1899 - ఏప్రిల్ 4, 1993) అమెరికాకు చెందిన వాస్తుశిల్పి. ఆంగ్ల అక్షరాల బిళ్ళలతో మాటలు కూర్చే స్క్రాబుల్ ఆటను రూపొందించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. 1930 దశకపు ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం కోల్పోయి ఖాళీగా ఉన్న రోజులలో ఈయన ఈ ఆటను మొదలుపెట్టాడు. ఆంగ్లంలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో వార్తాపత్రికల నుండి చేత్తో లెక్కించి, ఆ లెక్కల ఆధారంగా అక్షరాల సంఖ్యను, విలువలను నిర్ణయించాడు. ఆ సంఖ్యలు ఆంగ్ల స్క్రాబుల్‌లో నేటికీ మారలేదు. ఆట ప్రజలలోకి వెళ్ళడానికి దాదాపు ఇరవై సంవత్సరాలు పట్టింది. అది వెళ్ళినప్పుడు వేరొకరు పెట్టిన పేరుతో వెళ్ళింది.

బాల్యం, విద్యాభ్యాసం

బట్స్ న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న పొకీప్సీ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఆలిసన్ బట్స్ న్యాయవాది. తల్లి ఆరీ ఎలిజబెత్ మోషర్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలు. 1917లో పొకీప్సీ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, 1924లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుండి వాస్తుశిల్ప శాస్త్రంలో పట్టా పొందాడు. చిత్రలేఖనం, చదరంగం, గళ్ళ నుడికట్టు ఈయనకు ఇష్టమైన వ్యాపకాలు. 1925లో నీనా ఆస్ట్రాండర్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె అంతకు ముందు ఈయనకు పాఠశాలలో చదువు చెప్పిన ఉపాధ్యాయురాలు.

చదువు పూర్తయ్యాక న్యూయార్క్ నగరంలోని ఒక వాస్తుశిల్ప సంస్థలో ఉద్యోగం చేశాడు. దంపతులు నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో జాక్సన్ హైట్స్ అనే పేటలో నివసించేవారు.

నిరుద్యోగం, ఆట ఆలోచన

1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. దాని వెంట వచ్చిన ఆర్థిక మాంద్యంలో కట్టడాల పనులు నిలిచిపోయాయి. 1931లో బట్స్ ఉద్యోగం పోయింది. బొమ్మలు గీసి, రచనలు చేసి కొంత సంపాదించాలని చూశాడు. అవి ఫలించలేదు. పనిలేక ఇళ్ళలో కూర్చున్నవారికి ఖర్చు లేని కాలక్షేపం అవసరమని భావించి, ఒక కొత్త ఆటను తయారు చేయాలని నిర్ణయించుకున్నాడు.

పని మొదలుపెట్టే ముందు అప్పటికి వాడుకలో ఉన్న ఆటలన్నిటినీ పరిశీలించి మూడు రకాలుగా విభజించాడు. పాచికల వంటి సంఖ్యల ఆటలు మొదటి రకం. చదరంగం వంటి ఎత్తుల ఆటలు రెండవ రకం. చెల్లాచెదురైన అక్షరాలను మాటలుగా కూర్చేవి మూడవ రకం. మూడవ రకంలో మంచి ఆటలు తక్కువగా ఉన్నాయని గమనించాడు. పాచికల ఆటలో అంతా అదృష్టమే, చదరంగంలో అంతా నైపుణ్యమే. ఈ రెండూ తగుపాళ్ళలో కలిసి ఉంటేనే ఎక్కువమంది ఆడతారని ఈయన అభిప్రాయం. 1913లో న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదలైన గళ్ళ నుడికట్టు అప్పటికే దేశమంతటా వ్యాపించి ఉంది కాబట్టి, మాటల ఆటకు ఆదరణ ఉంటుందని నమ్మాడు.

అక్షరాల లెక్క

మాటల ఆటలో ఏ అక్షరం ఎన్ని బిళ్ళలపై ఉండాలన్నది ముఖ్యమైన సమస్య. అన్ని అక్షరాలను సమానంగా పెడితే మాటలు కుదరవు. ఎడ్గార్ అలెన్ పో 1843లో రాసిన ది గోల్డ్ బగ్ కథలో ఒక పాత్ర, ఆంగ్లంలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే అక్షరం ఇ అన్న సూత్రంతో రహస్య లిపిని విప్పుతుంది. ఈ కథ బట్స్‌కు దారి చూపింది. ఈయన న్యూయార్క్ టైమ్స్ మొదటి పుటను, ఇతర పత్రికలను ముందు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీస్తూ లెక్కించాడు.

ఆ లెక్కల నుండి క్రమంగా 100 బిళ్ళల పట్టిక స్థిరపడింది. అది ఇలా ఉంటుంది:

1 పాయింటు: ఇ 12, ఎ 9, ఐ 9, ఓ 8, ఎన్ 6, ఆర్ 6, టి 6, ఎల్ 4, ఎస్ 4, యు 4
2 పాయింట్లు: డి 4, జి 3
3 పాయింట్లు: బి 2, సి 2, ఎం 2, పి 2
4 పాయింట్లు: ఎఫ్ 2, హెచ్ 2, వి 2, డబ్ల్యు 2, వై 2
5 పాయింట్లు: కె 1
8 పాయింట్లు: జె 1, ఎక్స్ 1
10 పాయింట్లు: క్యూ 1, జెడ్ 1
విలువ లేనివి: ఖాళీ బిళ్ళలు 2 (ఏ అక్షరానికి బదులైనా వాడవచ్చు)

వందలో 42 బిళ్ళలు అచ్చులే. ఎస్ అక్షరం విషయంలో మాత్రం బట్స్ తన లెక్కను పక్కన పెట్టాడు. పత్రికలలో అది చాలా ఎక్కువగా వస్తుంది. ఆంగ్లంలో ఏకవచనానికి చివర ఎస్ చేర్చితే చాలావరకు బహువచనం అవుతుంది. ఆ బిళ్ళలు ఎక్కువగా ఉంటే ఆట మరీ సులువైపోతుందని భావించి నాలుగింటికే పరిమితం చేశాడు.

లెక్సికో

ఈయన మొదటి ఆట పేరు లెక్సికో. 1933 నాటికి ఇది ఒక రూపానికి వచ్చింది. ఇందులో బోర్డు లేదు. చేతిలోని బిళ్ళలన్నీ వచ్చేలా తొమ్మిది లేదా పది అక్షరాల మాట కూర్చినవారు గెలిచినట్లు. అంటే ఈ ఆట పూర్తిగా పొడవైన మాటలపై ఆధారపడింది. అంత పొడవైన మాట చాలామందికి సులభంగా కుదరదు. తరువాత బట్స్ అరుదైన అక్షరాలకు అదనపు విలువలు చేర్చాడు. దానితో గెలవలేకపోయినవారికి కూడా తమ మాటకు ఎంత విలువ వచ్చిందో తెలిసేది.

ఆ రోజులలో పొడవైన మాటలపై ఆసక్తి ఎంతగా ఉండేదంటే, 1935లో అమెరికా ప్రహేళికాప్రియుల సంఘం సమావేశంలో కేవలం పొడవు కోసమే 45 అక్షరాల మాట ఒకటి పుట్టించారు. న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్ అనే ఆ మాటకు, అతి సన్నని సిలికా ధూళి పీల్చడం వలన వచ్చే ఊపిరితిత్తుల వ్యాధి అని అర్థం. తరువాత ఇది నిఘంటువులలోకి కూడా ఎక్కింది.

బట్స్ లెక్సికోను ఇంట్లోనే చేత్తో తయారు చేసి పరిచయస్తులకు అమ్మాడు. లాభం రాలేదు. పార్కర్ బ్రదర్స్, మిల్టన్ బ్రాడ్లీ వంటి పెద్ద ఆటవస్తువుల సంస్థలు, పుస్తక ప్రచురణకర్తలైన సైమన్ అండ్ షూస్టర్ దీనిని తిరస్కరించాయి.

క్రిస్ క్రాస్‌వర్డ్స్

కొంతకాలానికి బట్స్‌కు తన పాత సంస్థలోనే తిరిగి ఉద్యోగం దొరికింది. అయినా ఆటను వదలలేదు. 1938లో గళ్ళ నుడికట్టును ఆదర్శంగా తీసుకుని బిళ్ళలను ఒక బోర్డుపై పరిచే పద్ధతి ప్రవేశపెట్టాడు. ఇది ఆట స్వరూపాన్ని మార్చివేసింది. ఒకరు పేర్చిన మాటకు అడ్డంగానో నిలువుగానో ఇంకొకరు తమ మాటను తగిలించాలి. కొన్ని గళ్ళు అక్షరం విలువను, కొన్ని గళ్ళు మాట మొత్తం విలువను రెట్టింపో మూడింతలో చేస్తాయి. కాబట్టి పొడవైన మాట తెలిసి ఉండటం ఒక్కటే చాలదు, దానిని ఎక్కడ పెట్టాలో కూడా తెలియాలి. సరైన గడిలో పడిన మూడక్షరాల మాట, చోటు తప్పిన ఏడక్షరాల మాటకు దీటుగా నిలబడగలదు. బట్స్ మొదట కోరుకున్న అదృష్టం, నైపుణ్యాల కలయిక ఈ దశలో కుదిరింది.

ఈ ఆటకు చివరకు క్రిస్ క్రాస్‌వర్డ్స్ అని పేరు పెట్టాడు. వాస్తుశిల్పిగా తనకున్న గీత పరికరాలతో బోర్డులను గీసి, నకళ్ళు తీసి, మడతపెట్టే అట్టలపై అతికించేవాడు. అక్షరాలను పలుచని బాల్సా చెక్కపై అంటించి గళ్ళకు సరిపోయేలా కోసేవాడు. జాక్సన్ హైట్స్‌లోని మెథడిస్టు చర్చి హాలులో ఇరుగుపొరుగువారితో ఆడించి నియమాలను సరిదిద్దుకునేవాడు. నీనా ఈ ఆటలో భర్తకంటే మెరుగైన క్రీడాకారిణి. బట్స్‌కు ఆంగ్ల వర్ణక్రమం అంతగా పట్టుబడలేదని ప్రతీతి. ఈ ఆటను కూడా సంస్థలు తిరస్కరించాయి.

జేమ్స్ బ్రూనో, స్క్రాబుల్ పేరు

క్రిస్ క్రాస్‌వర్డ్స్ కొనుక్కున్న కొద్దిమందిలో జేమ్స్ బ్రూనో ఒకడు. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూటౌన్‌లో స్థిరపడిన ఇతడు ఆటను వ్యాపార స్థాయిలో తయారు చేయడానికి ముందుకు వచ్చాడు. 1948లో ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం తయారీ, అమ్మకం హక్కులు బ్రూనోవి. అమ్మిన ప్రతి సెట్టుపై బట్స్‌కు చిన్న మొత్తం రాయల్టీగా ముడుతుంది.

బ్రూనో నియమాలను సులభతరం చేశాడు, విలువ పెంచే గళ్ళ అమరికను కొంత మార్చాడు. చేతిలోని ఏడు బిళ్ళలనూ ఒకేసారి వాడినవారికి 50 పాయింట్ల బహుమతి పెట్టాడు. లెక్సికోలో ఉండి, బోర్డు రాకతో కొంత వెనుకబడిన పొడవైన మాటల ఆకర్షణ ఈ బహుమతితో మళ్ళీ ఆటలోకి వచ్చింది. అక్షరాల సంఖ్యను, విలువలను మాత్రం అతడు మార్చలేదు. ఆటకు స్క్రాబుల్ అని కొత్త పేరు పెట్టి 1948 డిసెంబరు 16న ట్రేడ్‌మార్కు నమోదు చేయించాడు. ఆత్రంగా తడుముకోవడం, గోకడం అని ఈ మాటకు అర్థాలు.

1949లో బ్రూనో 2,400 సెట్లు తయారు చేసి 450 డాలర్లు నష్టపోయాడు. 1952 వేసవి నుండి పరిస్థితి మారింది. న్యూయార్క్‌లోని ప్రసిద్ధ మేసీస్ దుకాణపు అధిపతి సెలవులలో ఈ ఆట ఆడి ఇష్టపడి, తన దుకాణంలో అది లేదని తెలిసి వెంటనే తెప్పించాడని ప్రచారంలో ఉన్న కథనం. ఒక్కసారిగా పెరిగిన గిరాకీని తట్టుకోలేక బ్రూనో తయారీని సెల్కో అండ్ రైటర్ సంస్థకు అప్పగించాడు. 1954లో దాదాపు 40 లక్షల సెట్లు అమ్ముడుపోయాయి. 1972లో ఆ సంస్థ ట్రేడ్‌మార్కును కొనుగోలు చేసింది.

ఈ విజయం వచ్చేనాటికి బట్స్ వయసు యాభై దాటింది. సెట్టుకు కొన్ని సెంట్ల చొప్పున వచ్చే రాయల్టీ ఈయనను కోటీశ్వరుడిని చేయలేదు. ఆ ఆదాయంలో మూడో వంతు పన్నులకు పోయిందని, మూడో వంతు ఇతరులకు ఇచ్చానని, మిగిలిన భాగంతో సుఖంగా జీవించానని ఈయన చెప్పేవాడు.

పొడవైన మాటలు, వాటి అర్థాలు

స్క్రాబుల్ బోర్డులో 15 వరుసలు, 15 నిలువులు కలిపి 225 గళ్ళు ఉంటాయి. కాబట్టి 15 అక్షరాలకు మించిన మాట దీనిపై పట్టదు. ఆంగ్లంలో పొడవుకు పేరుపడిన మాటలు చాలావరకు ఈ ఆటకు పనికిరావు. దేనినైనా విలువలేనిదిగా ఎంచడం అనే అర్థమున్న ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ (29 అక్షరాలు), ప్రభుత్వ మతసంస్థ హోదాను రద్దు చేయడాన్ని వ్యతిరేకించే వాదం అనే అర్థమున్న యాంటీడిస్ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం (28 అక్షరాలు) ఇటువంటివి.

ఆటగాడి చేతిలో ఏడు బిళ్ళలే ఉంటాయి. బోర్డుపై ఉన్న ఒక అక్షరాన్ని కలుపుకుంటే ఎనిమిది. అందువలన అనుభవజ్ఞులు ముఖ్యంగా ఏడు, ఎనిమిది అక్షరాల మాటలను సాధన చేస్తారు. బట్స్ పట్టికలో ఎక్కువగా ఉన్న ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, టి అక్షరాలకు ఒక ఎస్ తోడైతే ఏర్పడే మాటలు ఇందుకు మంచి ఉదాహరణ:

రెటినాస్ - కంటిలోని నేత్రపటలాలు
రిటెయిన్స్ - అట్టిపెట్టుకొంటాడు
నాస్టియర్ - మరింత జుగుప్సాకరమైన
స్టెయినర్ - రంగు అద్దేవాడు
స్టియరిన్ - కొవ్వులో ఉండే ఒక రసాయనం
రెట్సినా - చెట్టు బంక వాసన ఉండే గ్రీకు ద్రాక్షాసవం

ఇవన్నీ అవే ఏడు అక్షరాల మార్పుకూర్పులు. వీటిలో ఏది వాడినా అక్షరాల విలువ ఏడు పాయింట్లే. మిగిలినది గళ్ళ నుండి, 50 పాయింట్ల బహుమతి నుండి వస్తుంది.

అరుదైన అక్షరాలు కలిస్తే ఫలితం వేరుగా ఉంటుంది. 1982లో ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో జరిగిన పోటీలో కాజీక్స్ అనే ఎనిమిది అక్షరాల మాటకు 392 పాయింట్లు వచ్చాయి. కాజీక్ అంటే వెస్ట్ ఇండీస్ ప్రాంతపు ఆదివాసుల నాయకుడు. ఈ మాటలోని అక్షరాల మొత్తం విలువ 28. క్యూ రెట్టింపు గడిలో పడటంతో అది 38 అయింది. రెండు మూడింతల గళ్ళను మాట కలిపినందున తొమ్మిది రెట్లయి 342కు చేరింది. ఏడు బిళ్ళలూ వాడినందుకు 50 కలిసి 392 అయింది. 2006లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఇదే పద్ధతిలో క్విక్సాట్రీ అనే మాటకు 365 పాయింట్లు వచ్చాయి. డాన్ క్విక్సోట్ కథానాయకుని పేరు నుండి పుట్టిన ఈ మాటకు, ఆచరణకు పొసగని ఆదర్శవాదం అని అర్థం.

అమెరికా పదపట్టిక ప్రకారం సిద్ధాంతరీత్యా అత్యధికంగా లెక్క తేలిన మాటలలో ఆక్సీఫెన్‌బ్యూటజోన్ ప్రసిద్ధమైనది. ఇది వాపును తగ్గించే ఒక మందు పేరు. సరిగ్గా 15 అక్షరాల ఈ మాట, బోర్డుపై ముందే తగిన అక్షరాలు అమరి ఉంటే ఒక్క ఎత్తులో 1,778 పాయింట్లు తేగలదు. నిజమైన ఆటలో అటువంటి అమరిక దాదాపు అసాధ్యం.

మెరియం వెబ్‌స్టర్ సంస్థ 1978లో క్రీడాకారుల కోసం ప్రచురించిన నిఘంటువులో మాటలకు క్లుప్తంగా అర్థాలు ఇచ్చారు. పెద్ద పోటీలలో వాడే పట్టికలలో మాత్రం మాటలే ఉంటాయి. కాలిన్స్ సంస్థ పట్టిక 2019 ప్రతిలో 2,79,496 మాటలు ఉన్నాయి. మాట ఆ పట్టికలో ఉందా లేదా అన్నదే నియమం, దాని అర్థం తెలియనవసరం లేదు. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి భాష మాట్లాడటం రాకుండానే, పదపట్టికను కంఠస్థం చేసి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచాడు. 2024లో స్పానిష్ పోటీలోనూ అదేవిధంగా గెలిచాడు. నిరుద్యోగులకు చౌకైన కాలక్షేపంగా మొదలైన ఆట ఈ స్థాయి జ్ఞాపకశక్తి పరీక్షగా కూడా మారింది.

చివరి రోజులు

బట్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని స్టాన్‌ఫర్డ్‌విల్‌లో తన పూర్వీకుల ఇంటిని తిరిగి కొనుక్కున్నాడు. న్యూయార్క్ నగర దృశ్యాలను ఈయన గీసిన కొన్ని చిత్రాలు మెట్రోపాలిటన్ కళా సంగ్రహాలయంలో చోటు పొందాయి. నీనా భర్తకంటే ముందే మరణించింది. 1985లో, 86 ఏళ్ళ వయసులో, ఈయన రూపొందించిన మరో ఆట ఆల్ఫ్రెడ్స్ అదర్ గేమ్ పేరుతో విడుదలైంది. ఒకరే ఆడుకోదగిన ఈ ఆటకు స్క్రాబుల్‌కు వచ్చిన ఆదరణ రాలేదు. 1991లో లండన్‌లో మొదటి ప్రపంచ స్క్రాబుల్ పోటీలు జరిగేనాటికి బట్స్ జీవించే ఉన్నాడు. 1993 ఏప్రిల్ 4న, 94వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, న్యూయార్క్ రాష్ట్రంలోని రైన్‌బెక్‌లో మరణించాడు.

మరణానంతరం

స్క్రాబుల్ హక్కులు ఉత్తర అమెరికాలో హాస్‌బ్రో సంస్థకు, మిగిలిన ప్రపంచంలో మాటెల్ సంస్థకు చేరాయి. 2004లో అమెరికా జాతీయ ఆటవస్తువుల గౌరవశాలలో ఈ ఆటకు చోటు లభించింది. కోల్‌కతాకు చెందిన ఇద్దరు సోదరులు అంతర్జాలంలో స్క్రాబ్యులస్ అనే ఆటను నడపగా, 2008లో అమెరికాలోనూ భారతదేశంలోనూ వివాదాలు న్యాయస్థానాలకు వెళ్ళాయి. ఢిల్లీ హైకోర్టు ఆ పేరు వాడరాదని ఆదేశించింది, ఆట స్వరూపంపై మాత్రం కాపీరైటు వర్తించదని తేల్చింది. ఆ ఆట తరువాత లెక్సులస్ అనే పేరుతో కొనసాగింది.

బట్స్ నిర్ణయించిన విలువలపై చర్చ కూడా జరిగింది. ఈయన లెక్క వార్తాపత్రికల భాషపై ఆధారపడింది. తరువాతి పట్టికలలో చైనా భాష నుండి వచ్చిన, ప్రాణశక్తి అనే అర్థమున్న క్వి వంటి చిన్న మాటలు చేరడంతో క్యూ, జెడ్ అక్షరాలను వాడటం సులువైంది. ఈ కారణంగా 2013లో ఒక పరిశోధకుడు కొత్త విలువలను ప్రతిపాదించాడు. క్రీడాకారుల సమాజం వాటిని స్వీకరించలేదు.

ఈయన ఆటను పరీక్షించిన జాక్సన్ హైట్స్ చర్చి ఉన్న 35వ ఎవెన్యూలో 1995లో ఒక వీధి ఫలకం ఏర్పాటు చేశారు. అందులో వీధి పేరులోని ప్రతి అక్షరం పక్కన దాని స్క్రాబుల్ విలువ చిన్న అంకెగా ఉండేది. 2008లో కనబడకుండా పోయిన ఆ ఫలకాన్ని 2011లో తిరిగి నెలకొల్పారు.